అపరిచిత నడక

నాలుగో అడుగు వరకూ నూకరత్నం బాగానే నడిచింది. అయిదో అడుగుకి కుడికాలు ఎత్తేసరికి పొత్తికడుపు కిందున్న ఎముక రెండుగా చీలుతున్నట్టు నొప్పి లేచి, తుంటి చుట్టూ తిరిగి తొడ వెనక్కి దిగింది. పళ్ళ బిగువున ఆరో అడుగు వేసింది. ఏడో అడుగుకి నడుం ఒక పక్కకి ఒరిగిపోయింది. అంతే, తలుపు పక్కనున్న పలుకుపెట్టె ఎంతో మర్యాదగా నోరు తెరిచింది.

"అపరిచిత నడక. దయచేసి మీ నడకతో రండి."

"నీ నోరు పడిపోను!" అంది వెనకాల నిలబడ్డ తల్లి మంగతాయారు. "తొమ్మిదో నెల కడుపు మోత్తా పిల్ల గుర్రంలాగ నడుత్తాదేంటే?"

పలుకుపెట్టెకి తిట్లు అర్థం కావు. మంగతాయారు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, అడుగుపట్టీ మీద తొమ్మిది అడుగులూ టకటకా వేసింది. "మంగతాయారుగారూ, దయచేయండి" అంటూ ఆస్పత్రి తలుపు తెరుచుకుంది. తల్లి భుజం ఊతంగా పట్టుకుని నూకరత్నం లోపలికి వెళ్ళింది. శుక్రవారం శుక్రవారం పరీక్షకి వచ్చినప్పుడల్లా ఇదే భాగోతం.

కొత్తరేవు పట్నంలో తాళంచెవులు కంటికి కనపడక ముప్ఫై ఏళ్ళు దాటింది. చీటీలు లేవు, సంతకాలు లేవు. ఇల్లు, బస్సు, బడి, బియ్యం కొట్టు, ఏ తలుపు ముందు చూసినా తొమ్మిది అడుగుల పొడవున నల్లటి పట్టీ పరిచి ఉంటుంది. దాని మీద నడిస్తే మనిషి ఎవరో తలుపే తెలుసుకుంటుంది. పద్దెనిమిదో ఏట ప్రతివాళ్ళకీ నడక నమోదు చేసి అడుగుముద్ర వేస్తారు. వేళ్ళు అరిగిపోతాయి, మొహాలు మార్చేసుకోవచ్చు, నడక మాత్రం చచ్చేదాకా ఒకటేనని పెద్దలు కూచుని తేల్చారు. ఆ పెద్దల్లో కడుపు మోసినవాళ్ళు ఒక్కరూ ఉన్నట్టు లేదు.

నూకరత్నం తొలికాన్పుకి ఏడో నెలలో పుట్టింటికి వచ్చింది. మొగుడు ఏడుకొండలు నడిసముద్రం పడవ మీద ఉన్నాడు, ఇంకో నాలుగు నెలలకి గానీ ఒడ్డుకి రాడు. వచ్చిన పది రోజులకే తుంటి పట్టేసింది. పక్క మీద అటు నుంచి ఇటు తిరగాలంటే ప్రాణం పోయేది. చీర కట్టుకోవడానికి ఒంటికాలి మీద నిలబడితే కళ్ళు బైర్లు కమ్మేవి. మామూలు తలుపుల దగ్గర ఇంట్లోవాళ్ళు నడిచి వెంట తీసుకుపోవచ్చు, అదొక నయం. కాన్పుల వార్డు తలుపు మాత్రం అలా కాదు. ఎప్పుడో పసిపిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా ఒకటి తిరిగిందని, ఆ తలుపు కనబోయే తల్లి నడకకే తెరుచుకునేలా చేశారు. పక్కన ఇంకో మనిషి పట్టీ మీద కాలు పెడితే బిగుసుకుపోతుంది. తల్లి స్పృహ తప్పి పడిపోతే అదే తెరుచుకుంటుంది. స్పృహలో ఉండి నడవలేని మనిషి సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

లోవకుమారి సంగతి ఊరంతా తెలుసు. పెళ్ళికి ముందు నూకరత్నమూ లోవకుమారీ ఒకే రొయ్యల షెడ్డులో, ఒకే బల్ల దగ్గర పనిచేశారు. మూడు నెలల కిందట నొప్పులతో వచ్చి లోవకుమారి ఆ పట్టీ మీద నాలుగుసార్లు నడిచింది. నాలుగుసార్లూ అపరిచిత నడకే అయింది. అయిదోసారి నడవలేక పట్టీ మీదే కనేసింది. పిల్లాడు బొడ్డుతాడు మెడకి చుట్టుకుని పుట్టాడు. అద్దం అవతల నర్సులు చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు, వాళ్ళకి ఆ తలుపు మీద అధికారం లేదు. పిల్లాడు పదకొండు నిమిషాలు బతికాడు. అర్జీ పెట్టుకుంటే, అడుగుముద్రలు వేసే ముద్రశాల నుంచి జవాబు వచ్చింది: "ముద్రలో లోపం లేదు. అర్జీదారు నడకలో లోపం ఉన్నది." కింద ముద్రాధికారి విశ్వపతి పేరు.

ఆ జవాబు చదివినప్పటి నుంచీ నూకరత్నానికి ఒళ్ళు మండుతూనే ఉంది. దానికి తోడు తన రోజులూ దగ్గరపడుతున్నాయి. సోమవారం నాడు ముద్రశాలకి వెళ్ళి విశ్వపతిగారి బల్ల ముందు నిలబడింది. "నా నడక మారిపోయిందండి, కొత్తగా ముద్ర వెయ్యండి" అని అడిగింది.

విశ్వపతిగారికి అరవై దగ్గర పడుతున్నాయి. గొంతు పెంచి మాట్లాడే మనిషి కాడు. అందుకే ఆయన్ని తిట్టాలన్నా ఎక్కడ పట్టుకోవాలో తెలియదు.

"కాలు పోయినవాళ్ళకి, పక్షవాతం వచ్చినవాళ్ళకి కొత్త ముద్ర వేస్తామమ్మా. ఇది రెండు నెలల్లో పోయే నొప్పి. పోయేదానికి ముద్ర ఉండదు. ఏదీ, ఆ పరీక్షపట్టీ మీద ఒకసారి నడువు, నీ పాత ముద్రతో పోల్చి చూద్దాం."

నడిచింది. కలవలేదు.

"ఇంకొక్కసారి. మామూలుగా నడువమ్మా. నీ నడక నువ్వే మర్చిపోతే ముద్ర ఎలా గుర్తుపడుతుంది?"

అలా పదకొండుసార్లు నడిపించాడు. బెంచీల మీద కూచున్న అర్జీదారులు సినిమా చూసినట్టు చూశారు. గుమాస్తా ఒకడు నవ్వాపుకోలేక ఫైలు అడ్డం పెట్టుకున్నాడు. పదకొండోసారి నూకరత్నం గోడ పట్టుకుని ఆగిపోయింది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి, నొప్పికి కొన్ని, సిగ్గుకి కొన్ని.

విశ్వపతిగారికి జాలేసినట్టుంది. "పడుకునేటప్పుడు మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకో. మంచం దిగేటప్పుడు రెండు మోకాళ్ళూ కలిపి ఒక్కసారే తిప్పాలి. చీర కూచునే కట్టుకో. మెట్ల మీద ఒక్కొక్క మెట్టుకీ రెండు కాళ్ళూ ఆనించి ఎక్కు" అన్నాడు.

"ఇయ్యన్నీ మీకెలా తెలుసండి?"

"మా అమ్మాయి హైమవతి పురిటికి వచ్చిందమ్మా. దానికీ ఇదే బాధ. పిచ్చిపిల్ల, రోజూ ఏడుస్తుంది."

"మరి ఆవిడ తలుపులెలాగ దాటుతున్నారండి?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మాయి సంగతి వేరు. తరవాత ఎవరు?"

నూకరత్నం బయటికి వచ్చింది. కడుపులో బిడ్డకన్నా ఆ 'వేరు' అన్న మాటే బరువుగా ఉంది. ముద్రశాల తలుపు దాటించిన తల్లి చేపల మార్కెట్టుకి వెళ్ళిపోయింది, బస్సు తనే ఎక్కాలి. పదకొండుసార్లు నడిచిన కాళ్ళతో ఇంక నటించే ఓపిక లేదు. తెరిస్తే తెరువు, లేకపోతే పో అనుకుని, బస్సు ముందున్న పట్టీ మీద నొప్పి ఎలా నడిపిస్తే అలా నడిచింది. కాళ్ళు ఎడంగా, అడుగులు చిన్నగా, ఒక చెయ్యి నడుం మీద, బాతులాగ ఒరుగుతూ.

"హైమవతిగారూ, దయచేయండి" అంది బస్సు. "ముందు సీటు తమదే."

ముందు సీటంటే అధికారుల ఇళ్ళవాళ్ళు కూచునేది. నూకరత్నం వెళ్ళి అందులోనే కూచుంది. రెండు స్టాపులు దాటేసరికి సంగతంతా బోధపడింది. ఊరందరికీ లేదన్న ముద్ర పెద్దమనిషి కూతురికి వేసుకున్నాడు. ఈ నొప్పి ఒక పూట కుడికి ఉంటుంది, ఒక పూట ఎడమకి. ఏ పూట ఎలా నడిచినా కూతురు ఏ వాకిట్లోనూ ఆగకూడదని ఆ ముద్రకి సడలింపు అంకె పెంచుకుంటూ పోయాడు. ఎంత పెంచాడంటే, తుంటి పట్టేసి బాతునడక నడిచే ప్రతి ఆడమనిషీ అందులో ఇమిడిపోయింది. ఆ ముద్ర వేసి నెల్లాళ్ళయినా ఎవరూ కనిపెట్టలేదు. ఎందుకంటే వాకిలి ముందుకి వచ్చేసరికి ప్రతివాళ్ళూ పళ్ళు బిగించి పెళ్ళికాని పిల్లలాగ నడవాలని చూసేవాళ్ళే గానీ, తమ నొప్పిని తమ నొప్పిలాగ నడవనిచ్చినవాళ్ళు లేరు.

మర్నాడు మూడు చోట్ల పరీక్షించి చూసుకుంది. బియ్యం కొట్టు, గ్రంథాలయం, మునిసిపల్ తోట. మూడు చోట్లా హైమవతిగారికి దారి ఇచ్చారు.

ఆ సాయంత్రం చేపల మార్కెట్టు రేకుల కిందికి వెళ్ళింది. అక్కడ తలుపుల్లేవు గనక, రిటైరైన నర్సు మార్తమ్మ రోజూ ఆ వేళకి తుంటి నొప్పి ఉన్న గర్భిణుల్ని పోగేసి చాపల మీద కూచోబెడుతుంది. పాత చీర నాలుగు మడతలు వేసి పొట్ట కిందుగా తుంటి చుట్టూ బిగించి కట్టడం, ఊపిరి వదులుతూ మోకాళ్ళు దగ్గరికి నొక్కడం నేర్పుతుంది. లోవకుమారి కూడా అక్కడికి వస్తుంది. తన బిడ్డ పోయాక రావడం మానేస్తుందనుకున్నారు, మానలేదు. నొప్పి ఎక్కువైనవాళ్ళ వెనకాల కూచుని, రెండు అరచేతులతో తుంటి ఎముకలు రెండు పక్కలా నొక్కి పట్టుకుంటుంది. మాట మాత్రం ఎవరితోనూ ఆడదు.

నూకరత్నం చెప్పింది విని ఆడవాళ్ళందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు.

"అయితే వార్డు తలుపు కూడా తీత్తాదా?"

"తియ్యకేం, హైమవతిగారాయె!"

"ఆగండి" అంది మార్తమ్మ. "లోపలికి ఏ ముద్రతో వెళ్తే పుట్టిన బిడ్డ ఆ తల్లి పేరునే నమోదవుతుంది. మీరంతా కన్న పిల్లలు ఆ అమ్మాయి పిల్లలవుతారు."

ఒకమ్మాయి బెంబేలెత్తిపోయి పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "మరి మన పిల్లలు మనకెప్పుడు వత్తారండి?"

"ముద్ర తప్పిందని అధికారి తన చేత్తో రాసి ఊరికి ప్రకటిస్తే, ఆ తలుపు తెరిచేసి, ఆ తప్పిన రోజు నుంచీ నమోదులన్నీ తిరగరాస్తారు. అదొక్కటే దారి. ఇంతవరకూ ఎవరూ రాయలేదు."

అప్పుడు మాట్లాడింది లోవకుమారి. మూడు నెలల తరవాత ఆమె గొంతు వినడం అదే. "నాక్కావలసింది అదే. 'ముద్ర తప్పింది' అని ఆయన చేత్తో రాయాల. నడక తప్పని రాశాడు కదా, అదే చేత్తో."

"రాయిద్దామే" అంది నూకరత్నం. "లేదన్న కొద్దీ తాతని చేద్దాం. ఎంతమందికి తాతవుతాడో అవనీ!"

రేకుల కింద అందరూ పగలబడి నవ్వారు. నవ్వితే తుంటి లాగేస్తుందని మార్తమ్మ గదమాయించినా ఆగలేదు.

మొదటి కాన్పు బుధవారం పొద్దున జరిగింది. విశ్వపతిగారు ఇంట్లో పెసరట్టు తింటుండగా గోడ మీద పలక వెలిగింది. "శుభాకాంక్షలు! మీ కుమార్తె హైమవతి మగబిడ్డను ప్రసవించింది. తల్లీబిడ్డా క్షేమం." హైమవతి ఎదురుగానే కూచుని, తొమ్మిదో నెల పొట్టతో రెండో పెసరట్టుకి చట్నీ వేయించుకుంటోంది. పలకకి ఏదో జబ్బు చేసిందనుకుని నవ్వుకున్నారు. శుక్రవారం ఆడపిల్ల పుట్టింది. ఆదివారం కవలలు. ఒక తల్లి ఒకే వారంలో మూడుసార్లు కనదని ఆ యంత్రానికి ఎవరూ చెప్పలేదు గనక, అది ప్రతిసారీ అంతే సంతోషంగా కబురు పంపింది. రెండు వారాలు తిరిగేసరికి విశ్వపతిగారికి ఎనిమిదిమంది మనవలు. పాల కేంద్రం వాళ్ళు ఎనిమిది డబ్బాలు గుమ్మంలో దింపిపోయారు. ఆఫీసులో గుమాస్తాలు మిఠాయిలేవండీ అని అడుగుతూ లోపల్లోపల నవ్వుకున్నారు.

తొమ్మిదో మనవరాలు నూకరత్నం కూతురు. నొప్పులు మొదలయ్యాక నూకరత్నం ఆ పట్టీ మీద ఒరుగుతూ, ఆగుతూ, మూలుగుతూ నడిచింది. హైమవతిగారికి తలుపు తెరుచుకుంది. తన పేరున తెరుచుకోనందుకు ఆ నొప్పుల్లో కూడా కడుపు రగిలింది.

మర్నాడు మధ్యాహ్నం విశ్వపతిగారు వార్డుకి వచ్చాడు. బయటివాళ్ళు తల్లీబిడ్డల్ని చూడటానికి ఒక పెద్ద అద్దం ఉంటుంది, మాటలు అటూ ఇటూ వినిపిస్తాయి. అద్దం అవతల మంగతాయారు అప్పటికే కుర్చీ వేసుకుని కూచుని ఉంది.

"రండి అన్నయ్యగారూ" అంది లేచి. "మనవరాల్ని చూసుకోండి. ముక్కు అచ్చం తమ ముక్కే."

ఆయన ఆమెని పట్టించుకోకుండా నూకరత్నం వైపు చూశాడు. "నువ్వేనమ్మా మొదలుపెట్టింది. ఆ రోజు అడిగినప్పుడే నాకు తట్టాలి."

"నేనేం మొదలెట్టానండి? మీరు చెప్పినట్టే నడిచాను. మీ ముద్ర గుర్తుపట్టింది. ముద్రలో లోపం ఉండదు కదండి?"

"ఇది ఆట కాదు. ఇంతమంది పసివాళ్ళు..."

"ఆటని నేనూ అనుకోలేదండి. ఇది నా కూతురు, నిన్నటి నుంచీ మీ అమ్మాయి పేరున ఉంది. నాకు కడుపు తరుక్కుపోతంది. ముద్ర తప్పిందని రాసెయ్యండి, ఇవాళే ఎవరి పిల్లలు వాళ్ళకొచ్చేత్తారు. మీ తాతరికం వదిలిపోద్ది."

"ముప్ఫై ఏళ్ళమ్మా" అన్నాడు విశ్వపతిగారు. "ఊరు నిద్రపోతోందంటే ఈ ముద్ర తప్పదన్న నమ్మకంతోనే. ఒక్కసారి తప్పిందని రాస్తే, ప్రతి దొంగా ప్రతి గుమ్మం ముందూ ముద్ర తప్పిందంటాడు. నేను రాయలేను."

"రాయలేరా, రాయరా?"

ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే హైమవతి నొప్పి నడక ముద్రని 'సాంకేతిక సవరణ' అని రెండు మాటలు రాసి రద్దు చేసేశాడు. హైమవతికి ఇంకా పన్నెండు రోజులు ఉంది, ఈలోగా సడలింపు తగ్గించి కొత్తది వేసుకోవచ్చని ఆయన లెక్క. మార్తమ్మ చాప మీద కూచునేవాళ్ళలో ఇంకా ఇద్దరికి నెలలు నిండాయి. వాళ్ళ సంగతి ఆయన లెక్కలో లేదు.

బిడ్డలు ఆయన లెక్క చూసుకుని పుట్టరు. మూడో రోజు పొద్దున నూకరత్నాన్ని ఇంటికి పంపించేవేళకి వార్డు తలుపు బయట అరుపులు వినిపించాయి. పాపని భుజాన వేసుకుని అద్దం దగ్గరికి వెళ్ళి చూసింది. పట్టీ మీద హైమవతి ఉంది. నొప్పులు ఆగకుండా వస్తున్నాయి, చీరంతా ఉమ్మనీటితో తడిసింది. గోడ వారగా విశ్వపతిగారు నిలబడి ఉన్నాడు.

"అపరిచిత నడక. దయచేసి మీ నడకతో రండి."

"నడువమ్మా, ఇంకొక్కసారి. పెళ్ళికి ముందు నడిచినట్టు" అంటున్నాడాయన. ఆ గొంతులో వణుకు విని నూకరత్నం కడుపు చల్లబడింది. అబద్ధం ఎందుకు, నిజంగానే చల్లబడింది. ఈ రోజు కోసమే నెల్లాళ్ళుగా కాచుకుని ఉంది. నిలబడి చూసింది. ఆయన పలుకుపెట్టెని బతిమాలాడు, తిట్టాడు, గుద్దాడు. జేబులోంచి రాతపలక తీశాడు, దాని వైపు చూశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. కూతురు అలా మెలికలు తిరుగుతుంటే కూడా 'ముద్ర తప్పింది' అన్న రెండు మాటలు రాయడానికి ఆ చెయ్యి లేవలేదు.

హైమవతి మోకాళ్ళు మడతపడ్డాయి. నేలకి తగలకముందే వెనక నుంచి రెండు చేతులు పట్టుకున్నాయి. నూకరత్నం సంచీ మోసుకుపోదామని వచ్చిన లోవకుమారి, ఆ పిల్లని తన ఒడిలోకి ఒరగదీసుకుని, తుంటి రెండు పక్కలా అరచేతులు పెట్టి గట్టిగా నొక్కి పట్టింది.

"ఊపిరి వదులమ్మా. వదులు. ఈ జాగాలోనే నా బాబు పోయాడు. నీ బిడ్డని పోనివ్వను." తలెత్తి అద్దం వైపు అరిచింది. "ఏంటే రత్నం, అలా చూత్తావేంటి! తలుపు తియ్యి!"

లోపలి నుంచి వెళ్ళిపోయే తల్లికి నడకతో పని లేదు. బిడ్డ కాలికీ తల్లి చేతికీ ఒకే రంగు తాడు ఉంటే తలుపు తెరుచుకుంటుంది, గడప మీద మనిషి ఉన్నంతసేపూ మూసుకోదు. ఆ సంగతి లోవకుమారికి అప్పుడే తట్టింది. నూకరత్నానికి ఎప్పుడో తట్టింది. తట్టీ నిలబడిపోయినందుకు సిగ్గుతో చచ్చిపోయినట్టయి ఒక్క ఉదుటున వెళ్ళి గడప మీద నిలబడింది. లోపలి నుంచి ఇద్దరు నర్సులు చేతులు చాచారు. లోవకుమారి హైమవతిని నూకరత్నం పక్క నుంచి వాళ్ళకి అందించింది.

విశ్వపతిగారు వెనకాలే దూరబోయాడు. నూకరత్నం కదల్లేదు. ఆయన ఛాతీ మీద ఆనేంత దగ్గరగా పాపని ఎత్తిపట్టుకుని, "తమరు పట్టీ మీద కాలు పెట్టకూడదండి. తల్లులకే ఈ తలుపు. మీరు రాసిందే" అంది. తరవాత బయటికి అడుగువేసింది. తలుపు ఆయన మొహం మీద మూసుకుంది.

ముప్పావుగంటలో మగపిల్లాడు పుట్టాడు. గట్టివాడు, ఏడుపు అద్దం ఇవతలికి స్పష్టంగా వినిపించింది. విశ్వపతిగారు రెండు చేతులూ అద్దానికి ఆనించి ఏడ్చాడు. నర్సు పిల్లాడి చీటీ చూపించింది. దాని మీద 'తల్లి: అపరిచిత' అని ఉంది. ముద్ర లేకుండా లోపలికి వచ్చిన మనిషి బిడ్డకి తల్లి ఉండదు. తల్లి లేని బిడ్డని వార్డు బయటికి వదలదు. తొమ్మిదిమంది పరాయి పిల్లలు ఆ ఇంటి మనవలై కూచున్నారు, సొంత మనవడు ఎవరికీ కాకుండా పోయాడు.

"ఒక్క మినహాయింపు రాసిస్తానమ్మా, ఇప్పుడే" అన్నాడు విశ్వపతిగారు పలక తీస్తూ. "నీ పేరు, బిడ్డ పేరు, అంతే. నిమిషంలో అయిపోతుంది."

హైమవతి మంచం మీంచి తల తిప్పింది. మాట్లాడే ఓపిక లేకపోయినా మాట్లాడింది. "నా ఒక్కదానికే రాస్తే ఒప్పుకోను నాన్నా. ఒకసారి నా ఒక్కదానికే వేశారు, చాలు. నన్ను పట్టుకున్న ఆవిడ బిడ్డ అక్కడే పోయాడట. మీకు తెలుసా?"

ఆయన పలక దించేశాడు.

"ఆవిడకి రాసిచ్చి అప్పుడు రండి. అందాకా నా బిడ్డకి తల్లి లేకపోయినా ఫరవాలేదు, నేను పక్కనే ఉంటాను."

విశ్వపతిగారు గోడ వారగా బెంచీ మీద కూచుని పలక ఒళ్ళో పెట్టుకున్నాడు. నూకరత్నం ఒక పక్క, లోవకుమారి ఒక పక్క నిలబడ్డారు. ఆయన రాతపుల్లతో మెల్లగా రాశాడు. 'ముద్ర తప్పింది.' కింద గడి వెలిగింది: ఏ తారీఖు నుంచి? ఆయన ఆ రోజు తారీఖు వేయబోయాడు.

"ఇయ్యాల్టిది కాదండి" అంది లోవకుమారి. "ఫిబ్రవరి పదకొండు వెయ్యండి."

ఆ తారీఖు ఏమిటో ఆయనకి చెప్పనక్కర్లేదు. ఇవాళ్టిది వేస్తే పొరపాటుపడ్డ అధికారి అవుతాడు, పదవి పోతుంది, అంతే. ఫిబ్రవరి పదకొండు వేస్తే ఒక ప్రాణానికి జవాబు చెప్పుకోవలసిన మనిషి అవుతాడు. పుల్ల ఆగిపోయింది. లోపల పసివాడు మళ్ళీ ఏడుపు అందుకున్నాడు. నూకరత్నం ఆయన మొహంలోకే చూస్తూ నిలబడింది. నవ్వుదామనుకుని దాచుకున్న నవ్వు రాలేదు, జాలి మాత్రం ససేమిరా రాలేదు.

ఆయన ఫిబ్రవరి పదకొండు వేశాడు.

పలక ఇంకో గడి చూపించింది. ఆ తప్పువల్ల నష్టపోయిన మనిషి పేరు. దాన్ని ఖాళీగా వదిలి ముందుకి పోదామని చూశాడు. పలక ఒప్పుకోలేదు.

"పేరు చెప్పమ్మా" అన్నాడు తల వంచుకునే.

"లోవకుమారి..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. "నాది కాదు కదండి. బాబుది కదా రాయాల."

"బాబు పేరే చెప్పు."

"పేరెట్టలేదండి. పదకొండు నిమిషాలే ఉన్నాడు. పేరెట్టేదాకా ఉంచలేదు కదండి మీ తలుపు."

పలక మీద ఆ గడి వెలిగి ఆరుతూ ఉంది. నూకరత్నం ఒక చేత్తో పాపని పట్టుకుని, ఇంకో చెయ్యి లోవకుమారి నడుం చుట్టూ వేసింది.

"సూరిబాబు" అంది లోవకుమారి. "మా నాన్న పేరు. సూరిబాబు అని రాయండి."

విశ్వపతిగారు రాశాడు. ఆమె ఆయన భుజం మీంచి వంగి, ఒక్కొక్క అక్షరం పూర్తయ్యేదాకా చూసింది. రాయడం అయిపోయాక ఆ పేరు పైకి ఒకసారి చదివింది. తరవాత ఆ నల్లపట్టీ మీదే కూలబడి, ఇన్ని నెలల్లో మొదటిసారి, బిడ్డని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది.